నలభైలో కొత్త కుర్చీ

‘‘ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా.’’

మన ఇళ్లలో ఈ మాట రాత్రి భోజనాల దగ్గర వినిపిస్తుంది. అదీ పిల్లలు కంచాలు తీసేసి టీవీ ముందుకు వెళ్లాక. వడ్డిస్తున్న ఆవిడ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగుతుంది. ‘‘మానేసి?’’ అంటుంది. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ‘‘ఏదో ఒకటి చూసుకుంటాలే’’ అనేసి మజ్జిగన్నం కలుపుకుంటారు. మర్నాడు మళ్లీ అదే బస్సు, అదే వేలిముద్ర మిషను, అదే మేనేజరు. మాట మాత్రం ఆర్నెల్లకోసారి తిరిగొస్తూనే ఉంటుంది.

పాతికేళ్ల కుర్రాడు ఉద్యోగం మారితే ఇంట్లో స్వీట్లు పంచుతారు. నలభైలో మారతానంటే ఏదో జబ్బు పేరు విన్నట్టు చూస్తారు. ఊళ్లో ఉన్న నాన్నకు తెలిస్తే, ‘‘ఏమొచ్చిందిరా నీకు, నెల తిరిగేసరికి జీతం పడుతుంటే’’ అంటారు. బావమరిది పక్కకు పిలిచి, ‘‘బావా, ఆఫీసులో ఏమన్నా గొడవా?’’ అని ఆరా తీస్తాడు. వాళ్లని తప్పు పట్టలేం. ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా అక్కడే అన్న కాలం చూసినవాళ్లు. కాకపోతే ఆ కాలంలోనూ అన్నీ శాశ్వతంగా ఏమీ నిలవలేదు. హైదరాబాద్ బాలానగర్‌లోని ఐడీపీఎల్‌ను ఒకప్పుడు కదలని కొండ అనుకున్నారు. కేంద్ర ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ, క్వార్టర్లు, టౌన్‌షిప్... తర్వాత ఏమైందో ఆ దారిన వెళ్లే ఎవరినడిగినా చెబుతారు.

ఉద్యోగం మారాలా వద్దా అన్నది ధైర్యానికి సంబంధించిన విషయమని మనం అనుకుంటాం. సినిమాల్లోనూ అలాగే చూపిస్తారు. రాజీనామా కాగితం బల్ల మీద పడేసి హీరో నడిచి వెళ్లిపోతాడు. అతనికి ఈఎంఐ ఉన్నట్టు ఏ దర్శకుడూ చూపించడు. అసలు ఇళ్లలో ఇది రెండు లెక్కల వ్యవహారం. మనకొచ్చిన పనిలో ఎంత భాగానికి వేరేచోట డబ్బులిస్తారు అన్నది ఒకటి. ఆ మధ్యకాలంలో ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది అన్నది రెండోది. ఈ రెండూ తేలితే ధైర్యం దానంతటదే వస్తుంది. తేలకుండా వచ్చే ధైర్యాన్ని మాత్రం నమ్మకూడదు.

ఊరికే మాటలెందుకు... ఒక ఇంటిని తీసుకుందాం.

పాశమైలారం బస్సు

నిజాంపేటలో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆయనకి 40. పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో 14 ఏళ్లుగా క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. ఆవిడకి 37. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పాప తొమ్మిది, బాబు ఆరు. ఊళ్లో అమ్మానాన్నలు, వాళ్ల సుగరూ బీపీ మాత్రలు. ఇలాంటి ఇల్లు మీ అపార్టుమెంట్‌లోనే ఒకటి ఉండొచ్చు. మీదే కావచ్చు కూడా.

ఆయన పనేమిటంటే తయారైన మందును మిషన్ల మీద పరీక్షించడం. హెచ్‌పీఎల్‌సీ అనే మిషను ఆయనకు కొట్టిన పిండి. మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టు వారంలో పిల్లలు ఆయన్ని నిద్రపోతుండగానే చూస్తారు. పదేళ్లనాటి ఉత్సాహం ఇప్పుడు లేదు. పైన ఉన్నది ఒక్క మేనేజర్ కుర్చీ, దాని కోసం చూస్తున్నవాళ్లు అయిదుగురు. ఇంకో 18 ఏళ్లు ఇలాగేనా అన్న దిగులు.

ఇలాంటివారు మొదట చేసే పని, తమకు బొత్తిగా తెలియని దానివైపు చూడటం. ‘‘డేటా సైన్స్ నేర్చుకుంటా.’’ ‘‘ఊళ్లో డెయిరీ పెడతా.’’ ‘‘బిర్యానీ పాయింట్ ఫ్రాంచైజీ తీసుకుంటా.’’ దూరపు కొండలు నునుపంటారే, అదన్నమాట. డెయిరీ మంచిదే. కానీ గేదె ఈనే రాత్రి పక్కన ఉండేదెవరో ముందు తేలాలి. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం మనలో చాలామందికి అలవాటు. మన కెమిస్టు చేతిలో ఉన్న వెన్న ఏమిటో చూద్దాం.

ఆ హెచ్‌పీఎల్‌సీని నడిపేది ఒక సాఫ్ట్‌వేర్. శాంపిల్‌ను ఎవరు ఎక్కించారు, ఏ సమయానికి ఎక్కించారు, వచ్చిన ఫలితాన్ని తర్వాత ఎవరైనా మార్చారా... అన్నీ అందులో నమోదవుతాయి. ఈ నమోదును ఆడిట్ ట్రెయిల్ అంటారు. కాగితాల స్థానంలో కంప్యూటర్ రికార్డులు వస్తున్న రోజుల్లోనే, 1997లో అమెరికా ఎఫ్‌డీఏ వాటి కోసం ‘పార్ట్ 11’ అనే నిబంధన తెచ్చింది. కంప్యూటర్‌లోని రికార్డును, సంతకాన్ని ఎప్పుడు నమ్మొచ్చు అన్నదే దాని సారాంశం. 2013లో రాన్‌బాక్సీ కంపెనీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చాక, మన మందుల పరిశ్రమలో రికార్డుల నిజాయతీ మీద పట్టింపు బాగా పెరిగింది. 2018 డిసెంబరులో ఎఫ్‌డీఏ దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది.

దాంతో ఒక ఉద్యోగానికి గిరాకీ వచ్చింది. ‘కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్’. ల్యాబుల్లో, ప్లాంటుల్లో వాడే సాఫ్ట్‌వేర్ తాను చేయాల్సిన పని సరిగ్గా చేస్తోందని పరీక్షించి, దానికి రాతపూర్వకంగా రుజువు చూపించడం. ప్రోగ్రాములు రాయక్కర్లేదు. షిఫ్టులు సాధారణంగా ఉండవు. మందుల కంపెనీల్లోనూ, వాటికి సేవలందించే ఐటీ సంస్థల్లోనూ ఈ పని ఉంది. హైదరాబాద్‌లో నోవార్టిస్ చాలా ఏళ్లుగా పెద్ద కార్యాలయం నడుపుతోంది. 2025లో ఆమ్‌జెన్, ఎలై లిల్లీ కూడా నగరంలో తమ సాంకేతిక కేంద్రాలు తెరిచాయి. పాశమైలారం నుంచి గచ్చిబౌలికి అవుటర్ రింగ్‌రోడ్డు మీద ఎంతసేపు! కానీ ఉద్యోగాల లెక్కలో రెండూ వేర్వేరు దేశాల్లా ఉంటాయి.

ఈ పనికి ఐటీ కుర్రాడు కూడా పోటీకి వస్తాడు. అతనికి టెస్టింగ్ తెలుసు, ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడతాడు. కానీ శాంపిల్ ఫెయిలైన రాత్రి రెండు గంటలకి ల్యాబ్‌లో ఏం జరుగుతుందో అతనికి తెలియదు. ఒకే పాస్‌వర్డు నలుగురు వాడితే వచ్చే తంటా ఏమిటో, ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు ఏ ఫైలు అడుగుతాడో తెలియదు. మన కెమిస్టుకి అవన్నీ వేళ్ల మీద ఉన్నాయి. 14 ఏళ్ల నైట్ షిఫ్టులకు వేరేచోట ధర పలికేది సరిగ్గా ఇక్కడే. ఆయనకు రానివీ ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ప్రొటోకాల్ రాయడం, ఏ లోపం వల్ల ఎంత ప్రమాదమో బేరీజు వేసి చెప్పడం, ఈ రంగంలో అందరూ అనుసరించే ‘గ్యాంప్ 5’ పద్ధతి. దీని కొత్త ముద్రణ 2022లో వచ్చింది. ఇవి ఏడాదిలో నేర్చుకోగలిగినవే. 14 ఏళ్ల ల్యాబ్ అనుభవం మాత్రం ఎవరూ ఏడాదిలో తెచ్చుకోలేరు.

మీది మందుల రంగం కాకపోవచ్చు. అయినా ఇదే చూపుతో మీ పనిని చూసుకోండి. బ్యాంకులో రుణాల విభాగం చూసినవారికి అప్పుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పని ఉంటుంది. పాతికవేల మంది డాక్టర్ల గుమ్మాలెక్కి దిగిన మెడికల్ రిప్రజెంటేటివ్‌కు ఆసుపత్రి పరికరాలు అమ్మడం కొత్త విద్యేమీ కాదు. మీరు వదిలి వెళ్తున్నది కుర్చీని. తెలిసిన విషయాన్ని కాదు.

డాక్టర్ అంజిరెడ్డి కథ చాలామందికి తెలుసు. తాడేపల్లి నుంచి వచ్చారు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేశారు. పైన చెప్పుకొన్న ఐడీపీఎల్‌లోనే ఉద్యోగం చేశారు. బయటకు వచ్చాక 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్. అందరూ చివరి పేరే చెప్పుకొంటారు. మధ్యలోని ఎనిమిదేళ్లను మర్చిపోతారు. కుర్చీలు మారాయి, పాత్ర మారింది. మందుల రసాయనం మాత్రం చెయ్యి దాటిపోలేదు.

రంగం పూర్తిగా మారినవాళ్లు లేరా అంటారేమో. ఉన్నారు. 2025 జులైలో మనకు దూరమైన కోట శ్రీనివాసరావు సినిమాల్లోకి రాకముందు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. అయితే నాటకాలు అప్పటికే వేస్తున్నారు. మొదటి సినిమా ‘ప్రాణం ఖరీదు’ 1978లో. ఊరూవాడా పేరు మోగిన ‘ప్రతిఘటన’ 1985లో. రెంటికీ మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లను కూడా లెక్కలో వేసుకునే కలలు కనాలి.

అమీర్‌పేటకు వెళ్లేముందు

పని ఏమిటో తేలగానే కాళ్లు అమీర్‌పేట వైపు లాగుతాయి. మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డుల్లో లేని కోర్సు లేదు. అక్కడ నేర్చుకుని బాగుపడినవాళ్లు వేలల్లో ఉన్నారు, కాదనను. కానీ నలభై ఏళ్లవారు ఫీజు కట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఉద్యోగం ఇప్పుడు చేస్తున్నవాళ్లు అయిదుగురితో మాట్లాడాలి. మీ కంపెనీలోంచి వెళ్లిపోయిన పాత సహోద్యోగి ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. అయితే మనవాళ్లు ఫోన్ చేయగానే ‘‘ప్యాకేజీ ఎంత బాస్?’’ అని మొదలుపెడతారు. దానికి నిజం చెప్పేవాడు అరుదు. ‘‘నీ సోమవారం ఎలా గడుస్తుంది? పొద్దున్న వెళ్లింది మొదలు ఏమేం చేస్తావు?’’ అని అడిగి చూడండి. అరగంటలో మొత్తం బొమ్మ కనబడుతుంది. రోజంతా మీటింగులేనని, రాత్రి ఎనిమిదికి అమెరికావాళ్లతో కాల్ ఉంటుందని తెలిస్తే, షిఫ్టులు తప్పుతాయనుకున్న ఆశ కాస్త నేలకు దిగుతుంది. దిగడం మంచిదే.

రెండో మెట్టు ఇంకా దగ్గర్లో ఉంది. మీ కంపెనీయే. మన కెమిస్టు పనిచేసే చోట కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడల్లా క్వాలిటీ అస్యూరెన్స్ వాళ్లు తలలు పట్టుకుంటారు. ‘‘ఈసారి ల్యాబ్ తరఫున నేను కూర్చుంటా సార్’’ అంటే వద్దనే మేనేజరు ఉండడు. పని పెరుగుతుంది, జీతం పెరగదు. కానీ రెండు ప్రాజెక్టులు పూర్తయ్యేసరికి రెజ్యూమెలో రాసుకోవడానికి నిజమైన అనుభవం ఉంటుంది. నేర్చుకోవడానికి ఎదురు జీతం ఇచ్చే ఇన్‌స్టిట్యూట్ ఇంకెక్కడ దొరుకుతుంది?

అబద్ధపు అనుభవం జోలికి మాత్రం వెళ్లొద్దు. మూడేళ్ల ‘ఎక్స్‌పీరియన్స్’ను ముప్పై వేలకు అమ్మేవాళ్లు ఉన్నారని అందరికీ తెలిసిందే. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు చూస్తున్నాయి. ఏ నెలలో ఎక్కడ పనిచేశారో యూఏఎన్ నంబరు చెప్పేస్తుంది. పాతికేళ్లప్పుడు దొరికిపోతే ఇంకో దారి ఉంటుందేమో. నలభైలో దొరికితే పరిశ్రమలో అందరూ తెలిసినవాళ్లే... మొహం చెల్లదు.

ఇంటి లెక్క

ఇక రెండో లెక్క. దీన్ని ఆయనొక్కడే వేస్తే పనికిరాదు. లెక్కల టీచరు ఇంట్లోనే ఉన్నారు కదా!

ఆయన జీతం 78 వేలు. అందులో బేసిక్ 39 వేలు. పీఎఫ్‌కు 4,680, వృత్తిపన్ను 200 పోగా చేతికి 73 వేల చిల్లర. ఆవిడ జీతం 24 వేలు. మొత్తం 97 వేలు. ఫ్లాటు ఈఎంఐ 26 వేలు. పిల్లల ఫీజులు నెలకు సర్దితే 14 వేలు. పాలు, సరుకులు, గ్యాసు 18 వేలు. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 9 వేలు. ఊళ్లో పెద్దవాళ్లకు, వాళ్ల మందులకు 8 వేలు. బీమా ప్రీమియంలు 4 వేలు. ఇది 79 వేలు. ఆపైన 5 లక్షల చీటీ, 50 నెలలది, నెలకు 10 వేలు. డివిడెండు వచ్చిన నెల కాస్త తగ్గుతుంది. ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు ఆ చీటీని ఎప్పుడో పాడేసుకున్నారు కాబట్టి ఇప్పుడు కట్టక తప్పదు. ఇంకా 11 నెలలుంది. అన్నీ పోను మిగిలేది 8 వేలు.

ఇప్పుడు కొత్త కంపెనీ నుంచి ఆఫరు వచ్చిందనుకోండి. ‘‘9 లక్షల సీటీసీ’’ అన్నారు. పన్నెండుతో భాగిస్తే 75 వేలు. ‘‘పెద్ద తేడా లేదే!’’ అని ఆయన సంబరం. లెక్కల టీచరు కాగితం తీసుకుంటుంది. బేసిక్ సగమనుకుంటే ఏడాదికి నాలుగున్నర లక్షలు. కంపెనీ కట్టే పీఎఫ్ 54 వేలు కూడా ఆ 9 లక్షల్లోదే. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే 21 వేల పైచిలుకు అందులోదే. పనితీరును బట్టి ఇస్తామనే ‘వేరియబుల్’ పది శాతం, అంటే 90 వేలు, ఏడాది చివరికి గానీ రాదు. వచ్చినా ఎంతొస్తుందో చెప్పలేం. ఇవన్నీ తీసేస్తే నెలకు 61 వేలు. అందులోంచి మన వాటా పీఎఫ్ 4,500, వృత్తిపన్ను పోతే చేతికి వచ్చేది 56,500. పాత జీతం కంటే 16,500 తక్కువ!

ఇంటి ఆదాయం 80,500కు దిగుతుంది. ఖర్చు చీటీతో కలిపి 89 వేలు. అంటే నెలనెలా 8,500 లోటు. ఇదిగో ఈ లోటే క్రెడిట్ కార్డు మీదకు ఎక్కి, తర్వాత వ్యక్తిగత రుణంగా మారి, ‘‘మంచి ఉద్యోగం వదిలేసి చెడిపోయాడు’’ అని బంధువుల నోట్లో పడుతుంది. ఉద్యోగం చెడ్డదేం కాదు. ముహూర్తం కుదరలేదు, అంతే.

అదే చీటీ తీరాక చేరితే? ఖర్చు 79 వేలు. 1,500 మిగులుతుంది. కానీ ఆగండి, పాశమైలారానికి కంపెనీ బస్సు ఉచితం. గచ్చిబౌలికి బండి మీద వెళ్లాలి. ఆ 1,500 కాస్తా పెట్రోలు బంకులో పోతుంది. సీటీసీ ఇంకాస్త పెంచమని బతిమాలేకంటే, అందులో వేరియబుల్ తగ్గించి నెలజీతంలో కలపమని అడగడం ఇక్కడ అక్కరకొస్తుంది. కంపెనీకి మొత్తం ఖర్చు మారదు కాబట్టి ఒప్పుకునే అవకాశమూ ఎక్కువ. 90 వేలలో సగం కలిసినా నెలకు మూడు వేల పైన చేతికొస్తుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి గమనించారా? ఆవిడ 24 వేలే ఈ ఇంటిని నిలబెడుతోంది. ‘ఏదో పాలకీ కూరలకీ పనికొస్తుంది’ అని మనం తేలిగ్గా అనేసే జీతం. ఆయన మారడానికి కాళ్ల కింద నేల అదే. అలాగే మారాలన్న కోరిక ఆయనకే ఎందుకుండాలి? పదిహేనేళ్లుగా ఏడో తరగతికి అవే సమీకరణాలు చెప్పి అలసిన ఆవిడకూ ఉండొచ్చు. పాఠ్యాంశాలు తయారుచేసే సంస్థలు, పెద్ద స్కూళ్లలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పనులు ఆవిడకూ ఉన్నాయి. ఈ సంవత్సరం ఆయన, ఆ తర్వాత ఆవిడ అని ఇద్దరూ వంతులు వేసుకున్నా మంచిదే. ఒకే ఏడాది ఇద్దరూ మారడం మాత్రం వద్దు.

దాచుకున్నదీ, దాచుకోవాల్సిందీ

ఉద్యోగం మధ్యలో ఊడితే? కొత్తచోట ఆరు నెలల ప్రొబేషన్ ఉంటుంది. పొమ్మంటే పోవాల్సిందే. అప్పుడు ఆవిడ జీతం పోను ఈ ఇంటికి నెలకు 55 వేలు కావాలి. ఆరు నెలలకు 3 లక్షల 30 వేలు. ఇది బ్యాంకులో ఉండాలి, భూమిలోనో బంగారంలోనో కాదు.

ఆయనకు వచ్చే గ్రాట్యుటీ చూద్దాం. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన. 39 వేలకు ఏడాదికి 22,500 చొప్పున 14 ఏళ్లకు 3 లక్షల 15 వేలు. కొత్త ఉద్యోగం కుదురుకునేదాకా దీన్ని ముట్టుకోకుండా పక్కన పెడితే ఆరు నెలల భయం దాదాపు తీరినట్టే. ప్రైవేటు ఉద్యోగికి 20 లక్షల దాకా గ్రాట్యుటీ మీద పన్ను లేదు. అయిదేళ్లు నిండటానికి మూడు నాలుగు నెలలే ఉన్నవాళ్లు మాత్రం ఆ కాస్తా ఓపిక పట్టండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నిర్ణీత కాలానికి ఒప్పందం మీద చేరినవారికి ఏడాదికే గ్రాట్యుటీ వర్తిస్తుంది. రెగ్యులర్ ఉద్యోగికి ఆ అయిదేళ్ల లెక్క అలాగే ఉంది.

పీఎఫ్ విషయంలో ఇంట్లో ఒక చిన్న యుద్ధమే జరుగుతుంది. ‘‘ఎలాగూ మానేశాం కదా, తీసేసి ఈఎంఐకి కట్టేద్దాం’’ అన్న ఆలోచన వస్తుంది. తీయొద్దు. కొత్త సంస్థకు బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛనుకు అర్హత వస్తుంది. చిన్నదే అయినా ఆ వయసులో అదో తోడు.

అందరూ మర్చిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ మామూలుగా ఆఖరి పనిరోజుతోనే ముగుస్తుంది. ఆ మధ్యలో నాన్నకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రి బిల్లుకి ఏ కంపెనీ కార్డూ పనికిరాదు. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న సుగరు, బీపీ లాంటి జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాలని నిబంధన పెట్టొచ్చు. 2024కు ముందు అది నాలుగేళ్లు. అందుకే మారాలన్న ఆలోచన పుట్టిన రోజే సొంత పాలసీ మొదలుపెట్టడం తెలివైన పని. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు.

బ్యాంకు పనులు ఏమన్నా ఉంటే పాత ఉద్యోగంలో ఉండగానే ముగించుకోండి. గృహరుణాన్ని తక్కువ వడ్డీ బ్యాంకుకు మార్చుకోవాలన్నా, టాపప్ కావాలన్నా వాళ్లు చూసేది జీతం స్లిప్పులే. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఇచ్చే మర్యాద వేరు. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేదంటే ఇద్దరూ ఎవరికి వారే పన్ను మినహాయింపులు లెక్కేస్తారు. రిటర్ను వేసే రోజున తేడా అంతా మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇరవై తొమ్మిదేళ్ల ‘సార్’

డబ్బు లెక్కలు తేలాక కూడా ఒకటి మిగులుతుంది. అది కాగితం మీద వేయలేం. పాతచోట ఆయన సీనియర్. ల్యాబ్‌లో పిల్లలు లేచి కుర్చీ ఇస్తారు. కొత్తచోట పైఅధికారికి 29 ఏళ్లు. పేరు పెట్టి పిలవమంటుంది ఆ అమ్మాయి. మీరు రాసిన ప్రొటోకాల్‌లో పదిచోట్ల ఎర్రగీతలు పెట్టి వెనక్కి పంపిస్తుంది. మొదటి నెల రోజులు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ‘‘నా సర్వీసంత వయసు లేదు’’ అని గొణుక్కోవడం సహజం. ఇంట్లోవాళ్లు ఆ నెల రోజులూ ‘‘నేను ముందే చెప్పాను కదా’’ అన్న మాట మింగేస్తే చాలు, అంతకు మించిన సాయం లేదు. పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచడం నయం. నాన్న కొత్త పని నేర్చుకుంటున్నాడని, ఈ ఏడాది ఊటీ ప్రయాణం ఉండదని. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ మాత్రం అర్థమవుతుంది. మనమే వాళ్లకు అర్థం కాదనుకుంటాం.

ఒక్క హెచ్చరిక. పాత మేనేజరు మీద కోపంతో మారాలనుకునేవాళ్లు ఆగి చూసుకోవాలి. మేనేజరు సమస్యయితే విభాగం మారితే సరిపోతుంది, లేదా అదే పని వేరే కంపెనీలో, బహుశా ఎక్కువ జీతానికే దొరుకుతుంది. పనే మొహం మొత్తినవాళ్లకు మాత్రమే ఈ 16,500 నష్టానికి అర్థముంది.

ఇక తేదీలు. చీటీకి 11 నెలలుంది కదా. నోటీసు పీరియడ్ 90 రోజులు. అంటే ఎనిమిదో నెలకల్లా ఆఫరు చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూలు ఆరో నెలలో మొదలవ్వాలి. కంపెనీలో ఆ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కూర్చోవడం ఈ నెలలోనే జరగాలి. మధ్యలో బోనసో ఇంక్రిమెంటు బకాయిలో ఉంటే అవి ఖాతాలో పడ్డాక రాజీనామా ఇవ్వాలి. కొత్తవాళ్లు ‘‘30 రోజుల్లో వచ్చేయండి’’ అని తొందరపెడతారు. మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే వీలుందా, ఆ డబ్బు ఎవరు కడతారు అన్నది మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో ‘‘చూసుకుందాం సార్’’ అన్న మాటకు విలువ లేదు. ఆఫర్ లెటరు మీద సంతకాలయ్యేదాకా రాజీనామా మెయిల్ డ్రాఫ్టులోనే ఉండాలి. ఆఖరి రోజున రిలీవింగ్ లెటరు, సర్వీసు సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు అడిగి తీసుకోవాలి. ఆఫీసు మెయిల్‌లో ఉన్న సొంత కాగితాలు అంతకు ముందే ఇంటికి చేర్చాలి. కంపెనీ కాగితాలు మాత్రం ఒక్కటి కూడా తేకూడదు. గ్రాట్యుటీ 30 రోజుల్లో చెల్లించాలి. అది ఖాతాలో పడేదాకా హెచ్‌ఆర్ వాళ్లకు పండగ శుభాకాంక్షలు పంపడం మానొద్దు.